ఒకటో నంబరు కంప్యూటర్ తుమ్మింది

ఆ రోజు పొద్దున అచ్యుతరామయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పెందలాడే స్కూలుకి వెళ్లడం, కంప్యూటర్ గదిలో ఒక కొబ్బరికాయ కొట్టడం, పదకొండింటికి వచ్చే విద్యాశాఖ అధికారిణికి నమస్కారం పెట్టి, పదో తరగతి పర్మిషన్ మీద సంతకం చేయించుకోవడం. అంతే. ఇందులో అనుమానించడానికి ఏమీ లేదు. అయినా కొబ్బరికాయ కొనేటప్పుడు దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి ఊపి చూశాడు. కొట్టువాడు “నీళ్లున్నాయి సార్” అంటే, “ఉంటే నువ్వెందుకు చెబుతున్నావ్?” అన్నాడు.

అచ్యుతరామయ్యది పుట్టుకతో వచ్చిన అనుమానం కాదు, ఉద్యోగం పెట్టిన అనుమానం. పాలకొల్లు నుంచి మద్రాసు వెళ్లి, సినిమావాళ్లతోపాటు హైదరాబాదు వచ్చి, చాలాకాలం ప్రొడక్షన్ మేనేజరుగా చేశాడు. యూనిట్లో అందరి భోజనాలూ, అందరి కార్లూ, అందరి అబద్ధాలూ చూసుకోవడమే ఆ పని. ఒకసారి అవుట్‌డోర్ షూటింగులో విగ్గుల పెట్టెని మరీ పదిలంగా పట్టుకెళుతున్న అసిస్టెంటుని ఆపి మూత తీయిస్తే, హీరోగారి విగ్గు కింద వేయించిన కోడి దొరికింది. అప్పటినుంచి ఆయనకి ఒక నమ్మకం ఏర్పడింది. పదిలంగా పనిచేసేవాడి దగ్గర ఏదో ఉంటుంది. ఊరికే పనిచేసేవాడి దగ్గర ఇంకా ఎక్కువ ఉంటుంది.

సినిమాలు చాలించి ఆయన ఫిల్మ్‌నగర్ బండరాళ్ల మధ్య ‘వాగ్దేవి విద్యాలయం’ పెట్టాడు. కృష్ణానగర్ నుంచి డాన్సర్ల పిల్లలు, లైట్‌మెన్ పిల్లలు, ఇంకా వేషం దొరకని హీరోల పిల్లలు ఎండనబడి నడిచొచ్చి చదువుకునేవారు. తొమ్మిదో తరగతిదాకా పర్మిషన్ ఉంది. పదికి కూడా కావాలంటే కంప్యూటర్ గది ఉంటే మంచిదని ఎవరో చెవిలో వేశారు. తొంభైల మొదట్లో మాట ఇది. కంప్యూటర్ అంటే జనం దేవుడి గదిలో లాగా చేతులు కట్టుకుని నిలబడే రోజులు. అచ్యుతరామయ్య ఒక గదికి ఏసీ పెట్టించి, వెనక వరండా కిటికీ వైపు నీలం పర్దా వేయించి, ముందు తాడు కట్టించి, ‘పాదరక్షలు బయట విడువవలెను’ అని బోర్డు రాయించాడు. లోపల నాలుగు కంప్యూటర్లు. వాటికి ఆయన భార్య పుష్పవల్లి లేసు అంచుల మఖమల్ కవర్లు కుట్టి పంపింది.

ఇక్కడ ఒక మాట చెప్పేయాలి. దాస్తే కథ నడవదు. ఆ నాలుగింట్లో ఒకటి, రెండు నంబర్లే కంప్యూటర్లు. మూడు, నాలుగు ప్లైవుడ్. ఏదో సినిమాలో సెట్టు విప్పేస్తున్నప్పుడు ఆర్టు డిపార్టుమెంటు వాళ్లని బతిమాలి తెచ్చుకున్నవి. పక్కన నిలబడి చూసినా అసలువే అనిపించేంత బాగా చేశారు మహానుభావులు. ‘ఆ రెండూ పదో తరగతికి రిజర్వు, ఎవరూ కవరు తీయకూడదు’ అని అచ్యుతరామయ్య ఆర్డరు వేశాడు. ఈ సంగతి ఆయనకీ, మోసుకొచ్చిన అటెండరు ఓదెలుకీ తప్ప ఈ భూమ్మీద ఎవరికీ తెలియదని ఆయన ధీమా.

ఇక కంప్యూటర్ మాస్టారు. లెక్కల త్రినాథరావుని అమీర్‌పేటలో ట్రెయినింగుకి పంపించారు. పాపం అక్కడ ఒక్కో మెషీను చుట్టూ పదిమంది మూగేవారు. త్రినాథరావు పొట్టి మనిషి. కోర్సు పూర్తయ్యేసరికి ఆయన ముందువాళ్ల వీపులన్నీ గుర్తుపట్టగలిగేవాడు గానీ, కంప్యూటర్‌ని మాత్రం చూడలేదు. సర్టిఫికెట్ ఇచ్చారు. తెచ్చి ఇచ్చాడు. ఆ రోజునుంచి ఆయనకి నిద్ర లేదు. నలభై ఎనిమిదేళ్ల వయసులో ఇంకో స్కూలు ఎవరిస్తారు? పైగా నిన్న సాయంత్రం అచ్యుతరామయ్య భుజమ్మీద చెయ్యేసి మరీ చెప్పాడు: “మాస్టారూ, రేపు మేడమ్ ముందు డెమో మీదే. బాగా వచ్చిందా, మీరు మా మనిషి. రాలేదా, ఎల్లుండి నుంచి మీకు ప్యాకప్.”

త్రినాథరావుని అన్నాళ్లూ నెట్టుకొచ్చింది తొమ్మిదో తరగతి మంజులత. వాళ్లమ్మ లీలాకుమారి డబ్బింగ్ ఆర్టిస్టు. హీరోయిన్ స్నేహితురాళ్లకీ, పసిపిల్లలకీ, అప్పుడప్పుడు నాగదేవతకీ గొంతు అరువిస్తుంది. కృష్ణానగర్లో వాళ్ల గది కింద పెళ్లి వీడియోలకి పేర్లు వేసే షాపు ఉంది. అమ్మ డబ్బింగ్ నుంచి వచ్చేదాకా ఆ షాపులో కూచుని, పెళ్లికొడుకుల పేర్లు తిప్పి తిప్పి, ఆ పిల్ల కంప్యూటర్ మొత్తం నేర్చేసుకుంది. త్రినాథరావు ఆమెనీ, ఆమె క్లాసువాడే రాఘవేంద్రనీ ‘కంప్యూటర్ లీడర్లు’గా వేసి బ్యాడ్జీలు ఇచ్చాడు. వాళ్లిద్దరూ రోజూ అందరికంటే ముందు వచ్చి, గది ఊడ్చి, మెషీన్లన్నీ తుడిచి, ఏ టీచరుకి ఏం కావాలన్నా చేసిపెట్టేవారు. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

అచ్యుతరామయ్యకి ఒళ్లు మండింది సరిగ్గా ఇక్కడే. రోజు ఖర్చుల బేటా లేకుండా, టిఫిను లేకుండా, పొద్దున్నే వచ్చి పనిచేసే మనుషుల్ని ఆయన సినిమా ఫీల్డులోనే చూడలేదు!

* * *

ఏడున్నరకి ఆయన కొబ్బరికాయతో గది దగ్గరికి వచ్చేసరికి గడప పక్కన మూడు జతల చెప్పులున్నాయి. ఒక జత త్రినాథరావువి, రెండు పిల్లలవి. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఆయన తన చెప్పులు విప్పాడు. అలవాటు ప్రకారం ఒకటి గడప దగ్గర, ఇంకొకటి అటు మూల గోడ దగ్గర పెట్టాడు. గుళ్లో అయినా, స్టూడియోలో అయినా, సొంత స్కూల్లో అయినా ఆయన పద్ధతి అంతే. ఒంటి చెప్పుని ఎవడూ ఎత్తుకుపోడని. తలుపు తోయబోతూ ఆగిపోయాడు.

“భయపడకండి సార్,” అంటోంది మంజులత గొంతు. “మీ చేతులు ఇక్కడ ఆడుతుంటాయి. అసలు పని పర్దా వెనకనుంచి మేం చేసేస్తాం.”

“దొరికిపోతే అచ్యుతరామయ్యగారు నన్ను బతకనివ్వరమ్మా,” అంటున్నాడు త్రినాథరావు.

“దొరకం సార్. వైరు కిటికీదాకా లాగేశాం,” అన్నాడు రాఘవేంద్ర. “మేడమ్ మీ మొహం చూస్తుండగానే ఇటు పని అయిపోతుంది.”

“ఒకటో నంబరే కదా?”

“ఒకటో నంబరే సార్. మూడు, నాలుగు జోలికి మాత్రం చచ్చినా పోవద్దు,” అంది మంజులత.

అచ్యుతరామయ్య కొబ్బరికాయని చంకలో పెట్టుకుని చెవి తలుపుకి ఆనించాడు. ఓరి దేవుడా! కంప్యూటర్‌ని కిటికీలోంచి దాటించేస్తున్నారు. అదీ అధికారిణి కళ్లముందే! పైగా ఏది అసలుదో, ఏది చెక్కో కూడా తెలిసిన దొంగలు. పొద్దున్నే వచ్చి ఊరికే తుడుస్తున్నారంటే ఎందుకో అనుకున్నాను, ఇందుకన్నమాట! లెక్కల మాస్టారు ముఠా నాయకుడు!

ఇంకెవరైనా అయితే తలుపు తన్నుకుని లోపలికి వెళ్లేవారు. అచ్యుతరామయ్య వెళ్లలేదు. దొంగని సరుకుతో సహా పట్టుకోవాలన్నది విగ్గుల పెట్టె నేర్పిన పాఠం. మునివేళ్ల మీద వెనక్కి నడిచి, ఒంటి చెప్పు వేసుకుని, రెండో చెప్పు కోసం కుంటుకుంటూ వెళ్లి, నేరుగా ఓదెలుని పట్టుకున్నాడు.

“ఒరే ఓదెలూ, ఈ స్కూల్లో దొంగలున్నారు.”

“ఏంది సార్? గీ పొద్దుగాలనా?”

“గట్టిగా అరవకు. ప్రేయరు బెల్లు కొట్టగానే మనిద్దరం కంప్యూటర్ గదిలోకి వెళుతున్నాం.”

“మనమెందుకు పోతున్నం సార్? దొంగలు పోతరు గదా?”

“చెప్పింది చెయ్యి!”

పిల్లలంతా గ్రౌండులో ‘వందేమాతరం’ పాడుతుండగా వాళ్లిద్దరూ గదిలో దూరారు. వైరు నిజంగానే ఉంది. ఒకటో నంబరు వెనకనుంచి నేలమీద పాక్కుంటూ, పర్దా కిందుగా వరండాలోకి వెళ్లింది. అచ్యుతరామయ్యకి ఒక్కసారి గర్వంగా కూడా అనిపించింది, తన అనుమానం ఇంకా తుప్పు పట్టలేదని. కొబ్బరికాయ బల్ల కింద పెట్టి, వైరు పీకేశాడు. ఇద్దరూ కలిసి ఒకటో నంబరుని మోసుకెళ్లి, ఆఫీసు బీరువాలో రిజిస్టర్ల వెనక పెట్టి తాళం వేశారు. తాళంచెవి ఓదెలు చేతికి ఇవ్వబోయి, వాడి మొహం చూసి, తన మొలతాడుకే కట్టుకున్నాడు.

“ఇప్పుడు ఆ నాలుగోదాన్ని తెచ్చి ఒకటో నంబరు బల్లమీద పెట్టు,” అన్నాడు. “ఎత్తుకుపోనీ వెధవల్ని! గేటు దగ్గర పట్టుకుంటే చేతిలో ప్లైవుడ్ ఉంటుంది.”

ఓదెలు నాలుగో నంబరుని ఒంటిచేత్తో తెచ్చి పెట్టాడు. “గిది విలను కంప్యూటర్ గద సార్?” అన్నాడు. ఆ మాట వినే ఓపిక అచ్యుతరామయ్యకి లేదు. కవరు కప్పి, తలుపుకి తాళం వేసి, ఎదురుగా ఉన్న స్టోరు రూములో కుర్చీ వేసుకుని, తలుపు సందులోంచి కాపలా కూచున్నాడు. మేడమ్ వచ్చేదాకా దొంగలు ఆగుతారంటే ఆయన నమ్మలేదు. దొంగతనం జరగాలి, పట్టుకోవాలి, పదకొండులోగా అసలుదాన్ని తెచ్చి పెట్టేయాలి. లెక్క సరిగ్గానే ఉంది.

పిల్లదొంగలు మాత్రం క్లాసులో కూచుని చరిత్ర పాఠం వింటున్నారు, ముఠా నాయకుడు పక్క క్లాసులో లెక్కలు చెబుతున్నాడు.

మధ్యలో ఓదెలు ఊరుకోలేక, గేటు దాటే ప్రతివాళ్ల సంచీ తెరిపించడం మొదలుపెట్టాడు. తెలుగు మేడమ్ టిఫిను డబ్బా మూత తీసి చూశాడు. ఆవిడ స్టాఫ్ రూముకెళ్లి, “మన టిఫిన్లలో ఏదో కలిసిందటండీ” అంది. సైన్సు మాస్టారు తిన్న ఇడ్లీని తలుచుకుని పంపు దగ్గరికి పరిగెత్తాడు. రెండో పీరియడ్ అయ్యేసరికి స్కూల్లో సగంమంది పంపు దగ్గరే పుక్కిలిస్తున్నారు. సరిగ్గా అప్పుడు గేట్లోకి జీపు వచ్చింది. ఇంకా పదే అయింది.

* * *

డిప్యూటీ విద్యాధికారిణి త్రిపురసుందరి కూడా అనుమానంలో తక్కువ తినలేదు. ల్యాబుకి వెళితే సీసాల మూతలు తీసి వాసన చూసేది. లైబ్రరీకి వెళితే పుస్తకాల మీద వేలు రాసి దుమ్ము లెక్కవేసేది. కొత్త గోడ కనిపిస్తే వేలి కణుపులతో టకటకా కొట్టి, ఇటుకా రేకా అని వినేది. కరస్పాండెంట్లు ఆవిడ పేరు చెబితే నీళ్లు తాగేవారు.

అచ్యుతరామయ్య పరిగెత్తుకొచ్చాడు. “పదకొండన్నారు కదా మేడమ్!”

“పదకొండన్నానంటే పదింటికి వస్తానని మీరు అర్థం చేసుకోవాలి. పంపు దగ్గర అంతమంది ఎందుకున్నారండీ?”

“పరిశుభ్రతా వారోత్సవాలు మేడమ్. ముందు ఆఫీసులో కాస్త కాఫీ…”

“తర్వాత. ముందు కంప్యూటర్ గది.”

అచ్యుతరామయ్య ఆవిడ వెనకనుంచి ఓదెలుకి సైగ చేశాడు. మొలదగ్గర చెయ్యిపెట్టి తాళం తిప్పినట్టు, రెండు చేతులతో పెట్టె ఎత్తినట్టు, పరిగెత్తమన్నట్టు. ఓదెలు అర్థమైనట్టు తల ఊపి పరిగెత్తాడు. కాసేపటికి ఫ్లాస్కు తెచ్చాడు.

గడప దగ్గర త్రిపురసుందరి చెప్పులు విప్పుతూ కిందకి చూసింది. “ఇది మీ చెప్పే కదా? రెండోది ఏది?”

“అటు గోడ దగ్గరుందండీ. రెండూ ఒకచోట ఉంటే ఎత్తుకుపోతారని…”

“సొంత స్కూల్లోనా?”

అచ్యుతరామయ్య తాళం తీయడంలో మునిగిపోయాడు. కబురందుకుని త్రినాథరావు వచ్చాడు. చొక్కా అప్పటికే వీపుకి అతుక్కుపోయింది. అటు మంజులత, రాఘవేంద్ర వెనక వరండాలోంచి కిటికీ దూకి పర్దా వెనక సర్దుకున్నారు. వాళ్ల ఏర్పాటు నిజానికి చాలా అమాయకమైంది. మాస్టారు ముందు కూచుని, వైరులేని కీబోర్డు మీద వేళ్లు ఆడిస్తారు. అసలు కీబోర్డు పర్దా వెనక మంజులత ఒళ్లో ఉంటుంది. తెరమీద హీరోయిన్ పెదవులు కదుపుతుంటే వెనక ఇంకెవరో పాడటం ఆ పేటలో తప్పేమీ కాదు. అందరి ఇళ్లల్లో అన్నం ఉడికేది దానివల్లే.

త్రినాథరావు దేవుణ్ణి తలుచుకుని కవరు తీశాడు. పొద్దున చూసిన కంప్యూటర్ కంటే ఇది కాస్త పెద్దగా కనిపించింది. భయంలో అన్నీ పెద్దగానే కనిపిస్తాయనుకున్నాడు. స్విచ్చి వేశాడు.

లోపల బల్బు వెలిగింది. తెర ఆకుపచ్చగా మెరిసి, భారతదేశ పటం కనిపించింది. ఢిల్లీ దగ్గర ఎర్రలైటు వెలిగింది. తర్వాత బొంబాయి. తర్వాత మద్రాసు. విలన్ దేశాన్ని పేల్చేసే సీను కోసం చేసిన సరుకు అది. చాలా శ్రద్ధగా చేశారు.

అచ్యుతరామయ్య తాడుని గట్టిగా పట్టుకున్నాడు. త్రినాథరావు మాత్రం పొంగిపోయాడు. ‘పొద్దున చెప్పకుండా ఎంత కొత్త ప్రోగ్రాం వేసింది బంగారుతల్లి!’ అనుకుని, చెక్క కీబోర్డు మీద వేళ్లు టపటపలాడించాడు. మీటలు కిందకి దిగలేదు. తను నొక్కేది ఉత్తుత్తి కీబోర్డేనని ఆయనకి ముందే తెలుసు కాబట్టి అనుమానం రాలేదు.

“ఇదేమిటండీ?” అంది త్రిపురసుందరి.

“మన దేశపటం మేడమ్. లెక్కల్లో వెనకబడిన ప్రాంతాలని కంప్యూటర్ ఎర్రలైటుతో చూపిస్తోంది.”

అప్పుడే హైదరాబాదు మీద పెద్ద లైటు వెలిగి, ఆగకుండా కొట్టుకోవడం మొదలుపెట్టింది.

“హైదరాబాదు కూడానా?”

“ముఖ్యంగా హైదరాబాదే మేడమ్.”

పటం మధ్యలో నెమ్మదిగా ఒక పుర్రె బొమ్మ పైకి లేచింది. కింద రెండు ఎముకలు. త్రిపురసుందరి ముందుకి వంగింది. “మరి ఇది?”

త్రినాథరావు ఇంకో రెండు మీటలు నొక్కాడు. “అది… సున్నా మేడమ్. సున్నా మార్కులు వచ్చినవాళ్లన్నమాట.”

“సున్నాకి పళ్లుంటాయా?”

పర్దా సందులోంచి చూస్తున్న మంజులతకి అప్పటికే అంతా అర్థమైంది. నాలుగో నంబరు ఒకటో నంబరు బల్లమీదకి ఎందుకొచ్చిందో తెలియదుగానీ, మాస్టారి ఉద్యోగం ఇంకో నిమిషంలో పోతుందని మాత్రం తెలిసింది. ఆ పిల్లకి ఏడుపొచ్చినంత పనైంది. పక్కన స్టూలు మీద ఖాళీ స్టీలు బిందె ఉంది. ఆమె అమ్మని తలుచుకుని, నాగదేవతని తలుచుకుని, బిందెలో మూతి పెట్టింది.

“నమస్కారమండీ,” అంది కంప్యూటర్.

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. అందరికంటే ఎక్కువగా ఉలిక్కిపడింది త్రినాథరావు. అచ్యుతరామయ్య అయితే తాడు వదిలేసి వెనక్కి జరిగాడు. ఆ పెట్టెలో కాసిని బల్బులూ, ఒక పుర్రె బొమ్మా, మేకులూ తప్ప ఏమీ లేవని ఆయనకి తెలుసు కదా!

“నేను ఒకటో నంబరు కంప్యూటర్‌నండీ. ఏదైనా ప్రశ్న అడగండి.”

త్రిపురసుందరి కళ్లు చిన్నవయ్యాయి. “పదిహేడు ఏడ్లు?”

“నూట పంతొమ్మిదండీ.”

“గోదావరి ఎక్కడ పుట్టింది?”

“నాసిక్ దగ్గరండీ. త్ర్యంబకంలో.”

“ఊఁ. ఈ స్కూల్లో పాఠాలు బాగా చెబుతారా?”

“లెక్కల మాస్టారు చాలా బాగా చెబుతారండీ. అర్థం కాకపోతే తిట్టరు. మళ్లీ చెబుతారు. ఆయన్ని ఎవరూ పంపించెయ్యకూడదండీ.”

“మరి మీ కరస్పాండెంటుగారో?”

కంప్యూటర్ కాసేపు ఆలోచించింది. “మంచివారేనండీ. కాస్త అనుమానం మనిషి.”

అచ్యుతరామయ్య దగ్గాడు. త్రిపురసుందరి వెనక్కి తిరిగి ఆయన్ని ఒకసారి పైనుంచి కిందదాకా చూసింది. తర్వాత తాడు పైకెత్తి, కిందనుంచి దూరి, నేరుగా బల్ల దగ్గరికి నడిచింది.

“మేడమ్, ముట్టుకోకూడదండీ! షాకు కొడుతుంది!” అన్నాడు అచ్యుతరామయ్య.

“చెప్పులు విప్పే వచ్చానుగా,” అంటూ ఆవిడ వేలి కణుపులతో కంప్యూటర్ నెత్తిమీద టకటకా రెండు కొట్టింది.

పెట్టె అడుగునుంచి మెత్తటి గోధుమరంగు పొడి జలజలా రాలి బల్లమీద కుప్ప పడింది. ఏసీ గాలికి సగం పొడి లేచి పర్దా వైపు వెళ్లింది. కంప్యూటర్ గట్టిగా తుమ్మింది.

“శతాయుష్షు,” అంది త్రిపురసుందరి అలవాటుగా. తర్వాత ఎవరికి అందో ఆవిడకే గుర్తొచ్చి, వెళ్లి పర్దా లాగింది. బిందెలో తలపెట్టిన ఒక అమ్మాయి, ఒళ్లో కీబోర్డు, పక్కన గుడ్లప్పగించి చూస్తున్న రాఘవేంద్ర.

“దొంగలు మేడమ్!” అని అరిచాడు అచ్యుతరామయ్య. “నా చెవులతో నేను విన్నాను. ఒకటో నంబరుని కిటికీలోంచి ఎత్తుకుపోవడానికి ప్లాను వేశారు. ఈ మాస్టారే ముఠా నాయకుడు!”

త్రినాథరావు లేచి నిలబడ్డాడు. మాట మాత్రం స్పష్టంగా వచ్చింది. “దొంగని కాదు మేడమ్. నాకు కంప్యూటర్ రాదు. ట్రెయినింగులో ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. ఆ మాట చెబితే ఉద్యోగం పోతుందని ఈ పిల్లల దగ్గర పొద్దున్నే నేర్చుకుంటున్నాను. ఇవాళ నా బదులు వాళ్లు నొక్కుతామన్నారు. తప్పు నాది, వాళ్లనేమీ అనకండి.”

“అయితే అసలు ఒకటో నంబరు ఎక్కడ?” అంది త్రిపురసుందరి.

తలుపు దగ్గర ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డ ఓదెలే సాయం వచ్చాడు. “బీరువాల ఉన్నది మేడమ్. పొద్దుగాల సారే ఎత్తుకపోయి దాచిండు. నేనే మోసిన.”

“మీ కంప్యూటర్‌ని మీరే దొంగిలించారా?”

అధికారిణి ఎదురుగా, స్టాఫు ఎదురుగా, పిల్లల ఎదురుగా అచ్యుతరామయ్య గోడవైపు తిరిగి మొలతాడు నుంచి తాళంచెవి విప్పాల్సి వచ్చింది. తన యాభై ఏడేళ్ల జీవితంలో ఏ ముడీ అంతసేపు బిగుసుకోలేదు.

తాళంచెవి అందుకున్న మంజులతని ఆయన ఆపాడు. ఆ కోపంలో కూడా ఒక అనుమానం తీరక. “మూడు, నాలుగు సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“మీరు తెచ్చిన కొత్తలోనే సార్. తుడవడానికి కవరు తీస్తే చెదపొడి చేతికంటింది.”

“మరి ఎవరికీ చెప్పలేదేం?”

“చెబితే మన స్కూలుని నవ్వుతారు కదా సార్. రోజూ రాత్రికి పొడి రాలుతుంది. ఎవరూ రాకముందే తుడిచేద్దామని మేం పొద్దున్నే వస్తున్నాం. ఇవాళ మేం తుడిచి వెళ్లాక మీరు దాన్ని కదిలించి, గదికి తాళం వేసేశారు.”

విగ్గుల పెట్టె మూత తీయించిన మనిషికి, తన గుట్టు తన కంటే జాగ్రత్తగా కాపాడుతున్నవాళ్లని ఏమని పిలవాలో తెలియలేదు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. పక్కనున్న కుర్చీలో కూలబడ్డాడు.

పిల్లలు ఒకటో నంబరుని మోసుకొచ్చి, వైర్లు బిగించి, చూస్తుండగానే వెలిగించారు. త్రిపురసుందరి చాలాసేపు చేతులు కట్టుకుని చూసింది. తర్వాత గొంతు తగ్గించి, “నన్ను కూచోనిస్తావా అమ్మా?” అంది. మంజులత కుర్చీ జరిపింది. ఆవిడ ఒక్కో అక్షరం వెతుక్కుంటూ తన పేరు కొట్టింది. పొడుగు పేరు కాబట్టి చాలాసేపు పట్టింది. పేరు తెరమీద రంగు మారి, పెళ్లి వీడియోలో లాగా గిరగిరా తిరిగింది. ఆవిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టేసింది.

“నేను చూసిన స్కూళ్లన్నిట్లోనూ కంప్యూటర్లు చూపించారు,” అంది లేస్తూ. “ఒక్కచోట కూడా పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు, నన్నూ ముట్టుకోనివ్వలేదు. వాళ్లవి ఎన్ని చెక్కవో ఇప్పుడు వెనక్కి వెళ్లి కొట్టి చూడాలి. మీకు పర్మిషన్ ఇస్తాను. ఈ గది తాళంచెవి మాత్రం ఈ ఇద్దరు లీడర్ల దగ్గర ఉండాలి. ఆ మూడు, నాలుగు ఇవాళే బయటికి పోవాలి.”

“మరి మాస్టారు…” అంది మంజులత.

అందరూ అచ్యుతరామయ్య వైపు చూశారు. ఆయన లేచి, బల్ల కింద దొర్లుతున్న కొబ్బరికాయ తీసి, త్రినాథరావు చేతిలో పెట్టాడు.

“మీరే కొట్టండి మాస్టారూ. రేపటినుంచి నేనూ పొద్దున్నే వస్తాను, నాక్కూడా నేర్పించమనండి. తలుపు మాత్రం వేసుకోకండి బాబూ, నేను బయటినుంచి వింటే ప్రమాదం.”

కొబ్బరికాయ బాగా పగిలింది. లోపల నీళ్లున్నాయి.

మర్నాడు పొద్దున గడప పక్కన మూడు జతల చెప్పులున్నాయి. అచ్యుతరామయ్య ఒక చెప్పు విప్పి, రెండోది పట్టుకుని మూల గోడవైపు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి వచ్చి, మొదటిదాని పక్కనే పెట్టాడు. గంటసేపు మంజులత చేత చీవాట్లు తిని, తన పేరులో సగం కొట్టడం నేర్చుకుని బయటికి వచ్చాడు. చెప్పులు రెండూ పెట్టినచోటే ఉన్నాయి.

ఎందుకున్నాయా అని ఆయన సాయంత్రందాకా ఆలోచించాడు.